అయిపోయిన బ్యాటరీలు: టేపు వేయండి, విడిగా పెట్టండి, సరైన చోట ఇవ్వండి
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత లబ్ధిదారులకు వివరణ పత్రం



పింఛను, వినికిడి యంత్రం, బ్యాటరీ మూడు చక్రాల బండి, సబ్సిడీ స్ప్రేయర్... పథకం ఏదైనా కావచ్చు. మీ ఇంట్లోకి ఏదో ఒక రూపంలో బ్యాటరీ వచ్చే ఉంటుంది. పథకంతో సంబంధం లేకపోయినా టీవీ రిమోట్, గోడ గడియారం, టార్చి లైటు, సెల్‌ఫోన్ లేని ఇల్లు ఇప్పుడు లేదు. పట్టు పురుగులు పెంచే షెడ్డులో వేడి, తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్‌లో కూడా ఒక బిళ్ల సెల్లు ఉంటుంది.

వస్తువు ఎలా వాడాలో ఇచ్చినవాళ్లు చెబుతారు. అందులోని బ్యాటరీ అయిపోయాక ఏం చేయాలో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. అందుకే ఈ పత్రం. ఒకసారి పూర్తిగా చదవండి. చదవలేని అవ్వాతాతలకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి.

అయిపోయింది కదా, ఇంకేం ప్రమాదం?

రిమోట్ పనిచేయడం ఆగిపోతే సెల్లు అయిపోయింది అంటాం. నిజానికి అది రిమోట్‌ను నడిపించలేనంత బలహీనపడింది, అంతే. లోపల కొంత కరెంటు మిగిలే ఉంటుంది. లోపలి రసాయనాలు ఎక్కడికీ పోవు.

ఆ మిగిలిన కరెంటుతో మూడు రకాల నష్టం జరగొచ్చు.

ఒకటి, మంట. బ్యాటరీ ప్లస్ కొస, మైనస్ కొస రెండూ ఒకే ఇనుప ముక్కకు తగిలితే అది వేడెక్కుతుంది. నలుచదరంగా ఉండే 9 వోల్టుల బ్యాటరీకి రెండు కొసలూ ఒకే వైపు, పక్కపక్కనే ఉంటాయి. తాళంచెవి తగిలినా, గిన్నెలు తోమే స్టీలు పీచు తగిలినా చాలు, నిప్పు పుట్టవచ్చు. ఫోన్లలో వాడే లిథియం బ్యాటరీ చెత్త బండిలో నలిగితే మండుతుంది. అలా మండితే ముందు గాయపడేది ఆ బండి మీద పనిచేసే మనిషి.

రెండు, పిల్లలు మింగడం. దీని గురించి కింద విడిగా చెప్పాం. ఆ భాగం తప్పక చదవండి.

మూడు, విషం. పెద్ద బ్యాటరీల్లో సీసం, యాసిడ్ ఉంటాయి. కొన్ని పాత చార్జింగ్ సెల్లుల్లో కాడ్మియం అనే విష లోహం ఉంటుంది. ఇవి దిబ్బలో పడి వానకు నానితే మట్టిలోకి, అక్కడి నుంచి నీళ్లలోకి దిగుతాయి. మనది వాన తక్కువ పడే సీమ. చెరువు, బోరు నీళ్లే మనకు దిక్కు. ఆ నీళ్లను మన చేతులతో మనమే పాడు చేసుకోకూడదు.

ముందు మీ దగ్గర ఏ రకం ఉందో గుర్తుపట్టండి

1. పెన్సిల్ సెల్లు, టార్చి సెల్లు: గుండ్రంగా, పొడవుగా ఉంటాయి. రిమోట్, గడియారం, టార్చి, బొమ్మల్లో వాడతాం. ఒక్కోటి 1.5 వోల్టులు.

2. బిళ్ల సెల్లు: రూపాయి బిళ్లలాగా పలచగానో, చొక్కా గుండీలాగా చిన్నగానో ఉంటుంది. చేతి గడియారం, షుగర్ చూసుకునే మిషన్, చిన్న రిమోట్, వెలిగే బొమ్మల్లో ఉంటుంది. వినికిడి యంత్రంలో వేసేది కూడా ఈ ఆకారమే. దాని మీద పసుపు, గోధుమ, నారింజ, నీలం రంగుల్లో చిన్న స్టిక్కరు వస్తుంది. రంగును బట్టి సైజు.

3. లిథియం చార్జింగ్ బ్యాటరీ: ఫోను, పవర్‌బ్యాంకు, కొత్త రకం చార్జింగ్ లైట్లలో ఉంటుంది. సైజుకు తగ్గట్టు తేలికగా ఉంటుంది.

4. సీసం బ్యాటరీ: ఇన్వర్టర్, బైకు, ట్రాక్టర్, చాలా రకాల స్ప్రేయర్లు, కొన్ని మూడు చక్రాల బండ్లు, పాత రకం చార్జింగ్ లైట్లలో ఉంటుంది. చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది, సైజుకు మించిన బరువు.

బ్యాటరీ మీద చక్రాలున్న చెత్త డబ్బా బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టేసిన గీతలు కనిపిస్తాయి. "దీన్ని మామూలు చెత్తలో వేయకూడదు" అని ఆ గుర్తుకు అర్థం. దాని కింద ఇంగ్లీషులో పీబీ అని ఉంటే సీసం, సీడీ అని ఉంటే కాడ్మియం ఉన్నట్టు.

ఇంట్లో చేయాల్సిన పని: ఐదు అడుగులు

మొత్తం కలిపి రెండు నిమిషాల పని. ఖర్చు ఒక టేపు చుట్ట.

1. పాడైన సెల్లును వస్తువులో నుంచి తీసేయండి. లోపలే వదిలేస్తే కొన్నాళ్లకు కారి, రిమోట్‌ను కూడా పాడు చేస్తుంది. తీసేటప్పుడు కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడవకండి.

2. పొడి గుడ్డతో తుడవండి. తెల్లటి పొడిగానీ జిగురుగానీ కారి ఉంటే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తీసి, విడిగా ఒక కవరులో వేసి మూతి కట్టండి. చర్మానికి తగిలితే ధారగా నీళ్లు పోసి బాగా కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలకు తగ్గకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

3. రెండు కొసలకూ టేపు అంటించండి. మామూలు సెల్లోటేపు చాలు, ఎలక్ట్రికల్ షాపులో దొరికే నల్ల టేపు అయితే ఇంకా మంచిది. 9 వోల్టుల బ్యాటరీకి, లిథియం బ్యాటరీకి, బిళ్ల సెల్లుకు టేపు తప్పనిసరి. బిళ్ల సెల్లును రెండు టేపు ముక్కల మధ్య పెట్టి, రెండు వైపులా మూసేలా అతికించండి. సెల్లు పేరు కనబడకుండా పూర్తిగా చుట్టేయొద్దు. అది ఏ రకమో తీసుకునేవాళ్లకు తెలియాలి.

4. ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. ఇనుప డబ్బా, బిస్కెట్ల రేకు డబ్బా వద్దు. డబ్బాలో తడి ఉండకూడదు. మూత ఉండాలి, మూతకు చిన్న రంధ్రం పెట్టండి. మేకులు, తాళాలు, చిల్లర డబ్బులు అందులో వేయకండి. డబ్బా మీద "పాత బ్యాటరీలు" అని పెద్ద అక్షరాలతో రాయండి.

5. చల్లని చోట, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. పొయ్యి దగ్గర వద్దు, ఎండ పడే కిటికీలో వద్దు. రేకుల ఇల్లు అయితే రేకుల కింద అటక మీద అసలు వద్దు. వేసవిలో అక్కడ వేడి ఎంత ఉంటుందో మీకే తెలుసు. మగ్గం ఉన్న ఇంట్లో రేషం, జరీ, పాత గుడ్డలు ఉంచే మూలకు దూరంగా పెట్టండి. మన నేతన్నలకు ఇల్లే కార్ఖానా. అక్కడ నిప్పు అంటుకుంటే పోయేది ఒక్క చీర కాదు, నెలల కష్టం.

డబ్బా నిండాలని ఏళ్ల తరబడి ఎదురుచూడొద్దు. ప్రతి నెలా ఒకటో తారీకు పింఛను అందుకున్న రోజు డబ్బా ఒకసారి చూసుకోండి. గుర్తుంచుకోవడానికి అది సులువైన రోజు.

చేయకూడనివి

- సెల్లులను పొయ్యిలో, చలిమంటలో, చెత్త తగలబెట్టే చోట వేయకండి. పేలతాయి.
- అయిపోయిన సెల్లును ఎండలో పెట్టి, పళ్లతో నొక్కి, సుత్తితో కొట్టి మళ్లీ వాడే ప్రయత్నం చేయకండి.
- చార్జింగ్ రకం కాని సెల్లులను చార్జింగ్ పెట్టకండి.
- పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి ఒకే వస్తువులో వేయకండి. పాతది తొందరగా కారుతుంది.
- లోపల ఏముందో చూద్దామని పిల్లలు పగలగొట్టకుండా చూసుకోండి.

ఉబ్బిన ఫోన్ బ్యాటరీ

ఫోన్ వెనక మూత పైకి లేచిందంటే, పవర్‌బ్యాంకు పొట్టలా ఉబ్బిందంటే లోపల గ్యాసు చేరినట్టు. దాన్ని వెంటనే వాడడం ఆపండి. చార్జింగ్ పెట్టకండి. గ్యాసు పోతుందని సూదితో గుచ్చకండి, చేత్తో నొక్కకండి. గుచ్చిన క్షణంలోనే మండవచ్చు.

పాత మట్టి కుండలో పొడి ఇసుక పోసి, ఆ బ్యాటరీని అందులో పెట్టి, పైన కూడా పొడి ఇసుక కప్పండి. కుండను ఇంటి బయట, నీడలో, కట్టెలకూ గడ్డివాముకూ దూరంగా ఉంచండి. పిల్లలు అటు పోకుండా చూడండి. మిగతా బ్యాటరీల డబ్బాలో దీన్ని కలపొద్దు. వీలైనంత తొందరగా ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, విషయం చెప్పి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి. పొగ వస్తుంటే దగ్గరకు వెళ్లకండి. అందరూ బయటకు వచ్చి 101కు ఫోన్ చేయండి.

బిళ్ల సెల్లు: పసిపిల్లలు ఉన్న ఇళ్లకు ముఖ్యం

మెరుస్తూ బిళ్లలాగా ఉండేసరికి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. సీఆర్ 2032 అనే రూపాయి సైజు లిథియం సెల్లు 20 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. చిన్నపిల్లల ఆహార నాళంలో ఇరుక్కునే సైజు అది. లోపలి తడి తగలగానే కరెంటు పారి, సెల్లు చుట్టూ ఘాటైన క్షారం తయారవుతుంది. అది కండను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం అవుతుంది. రిమోట్‌కు పనికిరాని పాత సెల్లు కూడా ఇంత పనీ చేయగలదు.

పిల్ల మింగిందని అనుమానం వచ్చినా సరే:

- "రేపు విరేచనంలో పోతుందిలే" అని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. బ్యాటరీ మింగిందని ముందే చెప్పండి. ఎక్స్‌రే తీస్తే ఎక్కడ ఉందో తెలుస్తుంది.
- వాంతి చేయించకండి. అన్నం ముద్ద, అరటిపండు మింగించకండి.
- బిడ్డకు ఏడాది నిండి, మింగి 12 గంటలు దాటకుండా ఉండి, మింగగలిగితే, దారిలో 10 నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వొచ్చు. ఆరుసార్లకు మించి వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు. ఇంట్లో తేనె లేకపోతే దానికోసం అంగడికి పోయి ఆలస్యం చేయకండి.
- అలాంటి సెల్లు మరొకటి గానీ, దాని ప్యాకెట్ గానీ ఇంట్లో ఉంటే డాక్టరుకు చూపించడానికి పట్టుకెళ్లండి.
- ముక్కులో, చెవిలో పెట్టుకున్నా ఇంతే తొందర. నూనె, చుక్కల మందు వేయకండి.

వినికిడి యంత్రం వాడే పెద్దలు సెల్లు మార్చాక పాతది మంచం మీద, కిటికీలో, దిండు కింద వదిలేస్తుంటారు. మనవళ్లు తిరిగే ఇల్లు కదా. మార్చిన వెంటనే టేపు వేసి డబ్బాలో వేయండి. మాత్రల డబ్బాలో మాత్రం పెట్టకండి. మాత్ర అనుకుని మింగే ప్రమాదం ఉంది.

స్ప్రేయర్, ఇన్వర్టర్, మూడు చక్రాల బండి బ్యాటరీలు

ఈ సీసం బ్యాటరీ పాతదైనా డబ్బు విలువ ఉన్న వస్తువు. దాని బరువులో సగానికి పైగా సీసమే. ఆ సీసాన్ని కరిగించి మళ్లీ కొత్త బ్యాటరీ చేయవచ్చు. అందుకే కొత్తది కొనేటప్పుడు షాపులో పాతదానికి ధర కట్టి తగ్గిస్తారు. రెండు మూడు షాపుల్లో ధర అడగండి. తగ్గించిన మొత్తం బిల్లు మీద రాయించుకోండి.

వీధిలో వచ్చే పాత సామాన్ల మనిషి ఇంకో వంద ఎక్కువ ఇస్తానని అనొచ్చు. ఆ వంద ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. అనుమతి ఉన్న ఫ్యాక్టరీలో యాసిడ్‌ను శుద్ధి చేయాలి, పొగను వడగట్టాలి, పనివాళ్లకు రక్షణ ఇవ్వాలి. వాటికి ఖర్చవుతుంది. పెరట్లో బ్యాటరీ పగలగొట్టి, యాసిడ్ కాలువలో పోసి, సీసాన్ని మూకుడులో కరిగించేవాడికి ఆ ఖర్చేమీ లేదు. ఆ ఖర్చు చుట్టుపక్కల పిల్లల ఒంటి మీద పడుతుంది.

ఇది ఊహ కాదు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో, డాకర్ నగర శివారు తియారోయ్ సుర్ మేర్‌లో పేద కుటుంబాలు పాత బ్యాటరీల సీసం ఏరి అమ్ముకునేవి. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు అక్కడ 18 మంది పిల్లలు సీసం విషంతో చనిపోయారు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక చెప్పింది. పద్ధతి లేకుండా బ్యాటరీలు పగలగొట్టి కరిగించడం దానికి ఒక పెద్ద కారణమని కూడా చెప్పింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రంగు, వాసన, రుచి ఏదీ ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెద్ద బ్యాటరీ తీసుకెళ్లేటప్పుడు:

- వైర్లు మీరే పీకకండి. మెకానిక్ చేత తీయించండి.
- కొసలకు నల్ల టేపు వేయండి.
- నిలువుగానే ఉంచండి, పడుకోబెట్టకండి. యాసిడ్ కారుతుంది.
- ఇన్వర్టర్ బ్యాటరీ 50 కిలోల పైన ఉండొచ్చు. ఇద్దరు ఎత్తండి.
- బరువు తగ్గుతుందని లోపలి యాసిడ్ పారబోయకండి.

మీ మూడు చక్రాల బండి, వినికిడి యంత్రం వారంటీలో ఉందేమో ముందు కాగితాలు చూసుకోండి. ఉంటే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. స్ప్రేయర్ అయితే రైతు సేవా కేంద్రంలో అడగండి. వారంటీ ఉన్న బ్యాటరీని పాత సామాన్లకు వేసి, కొత్తది సొంత డబ్బుతో కొనుక్కోవాల్సిన పని లేదు.

ఎక్కడ ఇవ్వాలి?

హిందూపురం, ధర్మవరం పట్టణాల్లో, పెనుకొండ నగర పంచాయతీలో ఉన్నవారు: ఇంటి ముందుకు వచ్చే చెత్త బండి సిబ్బందికి డబ్బాను చేతికి ఇవ్వండి. "ఇవి బ్యాటరీలు, విడిగా పెట్టండి" అని నోటితో చెప్పండి. తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలిపి పోయకండి. వాళ్లు విడిగా తీసుకోలేకపోతే మీ వార్డు సచివాలయంలో పారిశుధ్య, పర్యావరణ కార్యదర్శిని అడగండి.

గ్రామాల్లో ఉన్నవారు: చెత్త సేకరించే గ్రీన్ అంబాసిడర్‌ను గానీ పంచాయతీ కార్యదర్శిని గానీ అడగండి. చెత్త నుంచి సంపద తయారీ షెడ్డు మీ ఊరిలో ఉంటే అక్కడ వీటిని విడిగా పెట్టమని చెప్పండి.

రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతుంది. ఆ రోజు అధికారులు, సిబ్బంది వీధుల్లోనే ఉంటారు కాబట్టి అడగడానికి, ఇవ్వడానికి అది మంచి రోజు. ఒకటో తారీకు డబ్బా చూసుకోండి, మూడో శనివారం అప్పగించండి.

పాత ఫోను, పవర్‌బ్యాంకు అయితే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇవ్వొచ్చు. ఇచ్చే ముందు ఫోన్‌లోని ఫొటోలు, బ్యాంకు యాప్‌లు తీసేసి, సిమ్ బయటకు తీసుకోండి.

చట్టం ఏం చెబుతోంది?

2001 నాటి పాత నియమాల స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. పాతవి సీసం బ్యాటరీలకే పరిమితం. కొత్తవి రిమోట్ సెల్లు నుంచి కరెంటు కారు బ్యాటరీ దాకా అన్నిటికీ వర్తిస్తాయి. ముఖ్యమైన మాటలు ఇవి:

- బ్యాటరీ తయారుచేసిన, దిగుమతి చేసుకున్న కంపెనీయే దాన్ని తిరిగి సేకరించి రీసైక్లింగ్ చేయించాలి. పాతది ఇస్తే డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి కూడా కంపెనీలు పెట్టుకోవచ్చు.
- పాత బ్యాటరీలను దిబ్బల్లో పూడ్చకూడదు, తగలబెట్టకూడదు.
- రీసైక్లింగ్ చేసేవాళ్లు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి.
- వాడుకునే మనం ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఉంచి, సేకరించేవాళ్లకో రీసైక్లింగ్ చేసేవాళ్లకో అప్పగించాలి.

ఎక్కువ బాధ్యత కంపెనీలదే. కానీ మీ ఇంట్లోని సెల్లు తడి చెత్తలో కలిసిపోతే ఏ కంపెనీ దాన్ని వెతికి పట్టుకోలేదు. అందుకే మొదటి అడుగు మన ఇంట్లో పడాలి.

మీకు వచ్చే సందేహాలు

*బ్యాటరీలు ఇవ్వకపోతే పింఛను ఆగుతుందా?*
ఆగదు. మీ పింఛనుకు, రేషన్‌కు దీనితో సంబంధం లేదు. ఎవరైనా అలా బెదిరిస్తే నమ్మకండి.

*ఇవ్వడానికి ఆధార్, ఓటీపీ కావాలా?*
అక్కర్లేదు. పాత సెల్లులు తీసుకునేందుకు ఓటీపీ అడిగారంటే మోసం అనుకోండి. చెప్పకండి.

*ఒకటీ రెండు సెల్లులకు ఇంత అవసరమా?*
ఒక ఇంట్లో రెండే. వీధి మొత్తం కలిస్తే బస్తా. ఆ బస్తాను రోజూ చేత్తో కలబెట్టేది మన వీధి కార్మికులే.

*టేపు వేయడం మరిచిపోయి డబ్బాలో వేశాను. ఇప్పుడెలా?*
డబ్బా కిందికి దించి, ఒక్కొక్కటీ బయటకు తీసి టేపు వేయండి. వేడిగా తగిలితే ముట్టుకోకుండా డబ్బాను ఇంటి బయట పెట్టండి.

*సెల్లులు కొనే ఖర్చు తగ్గించుకోవచ్చా?*
టార్చి, బొమ్మలకు మళ్లీ మళ్లీ చార్జింగ్ పెట్టుకునే సెల్లులు కొనొచ్చు. మొదట ధర ఎక్కువ, తర్వాత ఆదా. నెలల తరబడి వాడని వస్తువుల్లో సెల్లులు తీసి పెట్టుకోండి.

గుర్తుపెట్టుకోండి

కొసలకు టేపు. ప్లాస్టిక్ డబ్బా. పిల్లలకు అందని ఎత్తు. ఉబ్బినదానికి ఇసుక కుండ. మింగితే ఆలస్యం లేకుండా 108. పెద్ద బ్యాటరీకి బిల్లు ఇచ్చే షాపు.

ఈ పత్రాన్ని మీ పొదుపు సంఘం, మగ్గాల వీధి, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పంచండి. ఫోన్ లేని పక్కింటివాళ్లకు నోటితో చెప్పండి. ఈరోజే ఇంట్లో ఒక డబ్బా వెతికి, మీద పేరు రాసి పెట్టండి. మొదటి సెల్లు బహుశా మీ రిమోట్ పక్కనే పడి ఉంటుంది.